గోదావరి గట్టున దొరికిన సంతకం

ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఎస్‌బీసీ కోటాలో. అది నిలవాలంటే గడువులోగా కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. ముంబై దగ్గరి భివండిలో అందరూ దాన్ని ‘వ్యాలిడిటీ’ అనే అంటారు. ఠాణాలోని కమిటీ నుంచి వచ్చిన కాగితం అడిగింది ఒక్కటే: 1967 అక్టోబర్ 13కు ముందు మీ వంశంలో ఎవరైనా మహారాష్ట్రలో ఉన్నట్టు రుజువేది?

అక్కడి పద్మానగర్‌లో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగని గల్లీలో, పంతొమ్మిదేళ్ల పిల్లవాడు ఆ ముక్క బాపమ్మకు తెలుగులో చెప్పాడు.

“ఈడనే సచ్చిపోయిండు గద బిడ్డా మీ ముత్తాత! యుద్ధమని దీపాలార్పిన యేడు. పెత్రమాస ఇంక రానేలేదు.”

ఇది ఒక్క ఇంటి కథ కాదు. భివండి తెలుగు ఇళ్లలో సాగే వెతుకులాటలను ఒక ఇంట్లోకి చేర్చి చెబుతున్నాను. అందుకే ఎవరి పేరూ ఉండదు. చట్టాలు, తేదీలు, పుస్తకాలు మాత్రం ఉన్నవే.

ఈ ఇళ్లవాళ్లు పద్మశాలీలు; మహారాష్ట్రలో ప్రత్యేక వెనుకబడిన తరగతి (ఎస్‌బీసీ) కిందికి వస్తారు. అయితే 1967 నాటి ఆ తేదీ తర్వాత వలస వచ్చిన కుటుంబాలకు ఇక్కడి రిజర్వేషన్ వర్తించదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో చదివి, మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఓ తెలుగు విద్యార్థి కేసులో 1990లో రాజ్యాంగ ధర్మాసనం ఒక మాట ఖాయం చేసింది: ఒక రాష్ట్రంలో గిరిజనుడిగా ఉన్న గుర్తింపు మరో రాష్ట్రానికి దానంతటదే వెంటరాదు. మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయ విద్యార్థులందరూ చదువుకునే తీర్పు అది. అందుకే, నిన్నమొన్న కరీంనగర్ నుంచి వచ్చినవాడికీ, నాలుగు తరాలుగా భివండి దూది పీల్చినవాడికీ మధ్య తేడా చూపేది పాత కాగితమే.

ఆ కాగితమే ఈ ఇళ్లలో ఉండదు. ముత్తాత రజాకార్ల రోజుల్లో ఊరు విడిచాడు. మీటర్ గేజి బండిలో మన్మాడ్ దాకా వచ్చి, అక్కడ బండి మారి, కళ్యాణ్‌లో దిగి భివండి చేరాడు. పగలు సాంచా నడిపి రాత్రి దాని పక్కనే పడుకున్నవాడికి అద్దె రసీదు ఎవరిస్తారు? ఉన్న ఒకటి రెండు కాగితాలూ 2005 జూలై 26 వరదలో ముద్దయ్యాయి.

మిగిలింది చావు. చావునైనా ఎవరో ఎక్కడో రాసి ఉంటారని పిల్లవాడు నమ్మాడు. బాపమ్మ చెప్పిన గుర్తులు తక్కువవేం కావు. బొంబాయి చుట్టుపక్కల దీపాలార్పిన యుద్ధం 1965 సెప్టెంబర్‌లో జరిగింది. పెత్రమాస (మహాలయ అమావాస్య) ఆ నెలాఖరున వచ్చింది. అంటే వెతకాల్సింది మూడు, నాలుగు వారాలే.

భివండి మున్సిపాలిటీ ఈనాటిది కాదు, 1864 నాటిది. 1969 జనన మరణాల నమోదు చట్టానికి ముందటి మరణాల పుస్తకాలు ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాయి. అన్నీ మరాఠీలో, గుమాస్తాల గొలుసుకట్టు రాతలో. కిటికీ వెనకాయన అడిగిన మొదటి మాట “ఆడ్నావ్?” ఇంటిపేరు చెప్పాడు. ఆ ఇంటిపేరుతో ఆ నెలలో ఒక్క మరణమూ లేదు. పిల్లవాడు బతిమాలి వరుసలన్నీ తనే చూశాడు. చివరికి దొరికింది: ముత్తాత పేరు, పక్కన ఆయన తండ్రి పేరు, వృత్తి మాగం పని, జాతి దగ్గర ‘తెలంగీ’. అక్కడితో సరి.

మరాఠీలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మనకు ఇంటిపేరే ముందు. చనిపోయినవాడి తరఫున కిటికీ దగ్గర నిలబడ్డ తోటి నేతకారుడికి మరాఠీ రాలేదో, గుమాస్తాకు ఓపిక లేదో, ఇంటిపేరు ఆ గీతలోకి ఎక్కలేదు. మనిషి ఆయనే అని ఇంట్లో అందరికీ తెలుసు. కమిటీకి ఎలా తెలుస్తుంది?

చావును రాసిపెట్టే చోటు ఇంకొకటి ఉంది.  కాల్చే కులాలకు సమాధి రాయి ఉండదు. వాళ్లకు దానికి బదులు తీర్థపురోహితుల పుస్తకాలున్నాయి. హరిద్వార్ పండాల బహీలను అమెరికాలోని ఉటా వంశావళి సంఘం 1977 నుంచి మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించింది. నాసిక్, త్ర్యంబకంలో వాటిని నామావళి అంటారు. పాతవి మోడీ లిపిలో (పాత మరాఠీ గొలుసుకట్టు రాత), తర్వాతివి బాలబోధలో (దేవనాగరి).

“బొక్కలు నాసిక్‌లనే కలిపినం,” అంది బాపమ్మ. “మన ధర్మపురికి పొయ్యే నీళ్లే గదా అవి, అన్నడు మీ తాత.”

పిల్లవాడు నాసిక్ వెళ్లాడు. గోదావరి గట్టున, రామకుండం దగ్గర పురోహితుడు ఊరు అడిగాడు, జిల్లా అడిగాడు, కులం అడిగాడు. ఎర్రగుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం విప్పాడు. పద్మశాలి అన్న మాట ఇక్కడుంది. ఊరి పేరుంది, భివండి మకాం అని ఉంది. చనిపోయినవాడు, అతని తండ్రి, అన్నదమ్ములు, కొడుకులు, అందరూ ఉన్నారు. ఒక్క ఆడమనిషి పేరూ లేదు. ఆ ప్రయాణమంతా ఒళ్లో కుండ పట్టుకుని కూర్చున్నది ముత్తవ్వే, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కింద, మరాఠీ వరుసల చివర, యాత్రికుడు తన చేత్తో పెట్టిన సంతకం. అది తెలుగులో ఉంది.

పిల్లవాడు దాన్ని చదవలేకపోయాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదివింది మాత్రం మరాఠీ, ఇంగ్లిష్. బాపమ్మకు అక్షరాలు రావు. తాత ఎప్పుడో పోయాడు. ఫోటో తీసుకుని, పద్మానగర్‌లో తెలుగు బడి పంతులుగా రిటైరైన పెద్దాయన దగ్గరికి తెచ్చాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని నెమ్మదిగా కూడబలుక్కున్నాడు: ముందు ఇంటిపేరు, తర్వాత తాత పేరు, ఊరు, చివర తేదీ. “చిన్నప్పుడు పలక మీద దిద్దిన చెయ్యి బాబూ ఇది. ‘ర’ చూడు, ఎంత గుండ్రంగా ఉందో!”

మున్సిపాలిటీ పుస్తకంలో లేని ఇంటిపేరు, ఆ పుస్తకంలోని చావుకు రెండు వారాల తర్వాతి తేదీతో, కొడుకు చేతిరాతలో దొరికింది.

మహారాష్ట్రలో ఇప్పుడు ఇలాంటి వేట అందరిదీ. మరాఠాలను వెనుకబడిన కులమైన కున్బీలుగా చూపే పాత నమోదుల కోసం 2023లో జస్టిస్ సందీప్ షిండే కమిటీ వేశారు. గ్రామాల జనన మరణాల పుస్తకాలు తెరిచారు, మోడీ లిపి చదివేవాళ్లను వెతికారు, నిజాం కాలపు దస్తావేజుల కోసం హైదరాబాద్ దాకా వచ్చారు. 2025 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గెజిట్ మీదే ఉత్తర్వు వెలువడింది. వాళ్ల తాతలు మన దగ్గరి పుస్తకాల్లో, మన తాతలు వాళ్ల పుస్తకాల్లో ఉన్నారు. రెండు వైపులా చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. పద్మానగర్ పంతుళ్ల తర్వాత ఆ సంతకాలు చదివేదెవరన్న దిగులు నాకుంది.

కమిటీ అడిగే వంశావళి అఫిడవిట్‌ను పిల్లవాడి తండ్రి స్టాంపు కాగితం మీద రాయించాడు. పైన ముత్తాత తండ్రి, కింద ఈ పిల్లవాడు, ఐదు తరాలు. జత చేసినవి మూడు: మున్సిపాలిటీ నకలు, పురోహితుడు సంతకం చేసి ఇచ్చిన నామావళి ప్రతి, పంతులుగారు తెలుగు సంతకాన్ని మరాఠీలోకి రాసి ఇచ్చిన కాగితం. ఫారంలో గడి లేకపోయినా, బాపమ్మ పట్టుబట్టి ముత్తవ్వ పేరును ముత్తాత పక్కన రాయించింది. ఫైలు ఠాణా వెళ్లింది.