రాజప్రముఖ పదవి - స్థాన్యాదేశ విచారము

రాజ్యాంగమున నధికారము లన్నియు రాష్ట్రపతి పేరనే యున్నవి గదా, అతఁడు మంత్రుల నేల యడుగవలెను? అని పాఠశాలలయందు విద్యార్థులు తఱచుగాఁ బ్రశ్నింతురు. వాక్యమునఁ గర్త రాష్ట్రపతియే యని వారి వాదము. దీనికి సమాధానము హైదరాబాదు పాతనగరమునందే కలదు.

చార్మినారు చెంత చౌమహల్లా ప్రాసాదమున ఆసఫ్‌జాహీ ప్రభువులు కొలువుదీరుచుండిరి. అచ్చటికిఁ గొంత దూరమున మూసీ దక్షిణతీరమున హైకోర్టు మందిరము నిలిచియున్నది. మీర్ ఉస్మాన్ అలీఖాను 1911లో ప్రభుత్వమునకు వచ్చినది మొదలు ఫర్మానాయే శాసనము, ఫర్మానాయే తీర్పు. 1948 సెప్టెంబరులో సైనికచర్య ముగిసినపిదప పరిపాలనాధికారము మేజర్ జనరల్ చౌధురికిఁ జెందెను. 1949 నవంబరు 23 నాఁటి ఫర్మానా భారత రాజ్యాంగమే హైదరాబాదునకును రాజ్యాంగమని ప్రకటించినది. తన్నుఁ దాను బంధించుకొనిన ఫర్మానా యది. 1950 జనవరి 26 నాఁడు నిజాము రాజప్రముఖుఁ డయ్యెను.

వ్యాకరణమున నాదేశ మనఁగా నాజ్ఞ గాదు. ఒకదాని స్థానమున వచ్చునది యాదేశము, తొలఁగునది స్థాని. ఆదేశమునకు స్థాని ధర్మములు సంక్రమించును గాని, వర్ణము నాశ్రయించిన విధులయందు సంక్రమింపవు. ముప్పదియెనిమిదేండ్లు ఆదేశముల నిచ్చిన ప్రభువు తానే యొక యాదేశ మయ్యెను. మర్యాదలు సంక్రమించినవి; ఇచ్ఛ సంక్రమింపలేదు. స్థానియు నాదేశమును ఒక్క మనుష్యుఁడే యగుట ఇచ్చటి వింత.

దీనిని బరీక్షింపఁ దగిన వ్యాజ్య మొకటి గలదు. పాయెగా వంశీయుఁడగు నవాబు వలీఉద్దౌలా 1935లో మృతినొందెను. ఆయన భార్యలమని చెప్పుకొనిన యిద్దఱు స్త్రీలకును వారి సంతానమునకును ఆస్తిలో భాగము గలదా లేదా యను వివాదముపై ఫర్మానాలు వెలువడెను. తుదకు 1950లో వలీఉద్దౌలా వారసత్వ శాసనము పుట్టి, వారి హక్కును ద్రోసివైచుటయే గాక, ఆ విషయమును ఏ న్యాయస్థానమునందును బ్రశ్నింపరాదని విధించినది. హైకోర్టు దానిని జెల్లదనెను. సుప్రీముకోర్టు, 1953 నాఁటి న్యాయనివేదికలలోఁ గల తీర్పున, ఆ నిర్ణయమును స్థిరపఱచినది. తక్కిన ప్రజలందఱికిఁ దెఱచియున్న న్యాయస్థానద్వారము ఈ యిద్దఱికే యేల మూయవలెనని పదునాల్గవ యధికరణము ప్రశ్నించుచున్నది. అదే కుటుంబ వ్యాజ్యమున 1955 నాఁటి నివేదికలలోని మఱియొక తీర్పు, పూర్వము నిజాము ఫర్మానాకు శాసనబలము సంపూర్ణముగాఁ గలదని యంగీకరించినది. ప్రభువు ఒక్కఁడే, కాలభేదమున బలభేదము.

1950 నాఁటి యా శాసనము నిజాము స్వేచ్ఛచేతఁ బుట్టినదని నే ననను. అప్పటి ముఖ్యమంత్రి వెల్లోడి కేంద్రము నియమించిన యధికారి. ప్రజ లెన్నుకొనిన సభ 1952 వఱకు లేదు. పైఁగా నాఁటి 371వ యధికరణము ఇట్టి రాజ్యములపై రాష్ట్రపతికి సామాన్య నియంత్రణాధికారము నొసఁగెను. ఆ రాష్ట్రపతియో, 74వ యధికరణముచే మంత్రివర్గ సహాయము గలవాఁడు. అతఁడు నామమాత్ర కర్తయని సుప్రీముకోర్టు 1955లోనే చెప్పెను. సలహాకు బద్ధుఁడని 1976 నాఁటి నలువదిరెండవ సవరణము స్పష్టపఱచినది. ఒక్కమాఱు పునరాలోచనకుఁ ద్రిప్పి పంపవచ్చునని 1978 నాఁటి నలువదినాల్గవది చేర్చినది.

రాజప్రముఖ పదవి 1956 అక్టోబరు 31 తో నంతరించెను. మఱునాఁడే హైదరాబాదున నీలం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యయ్యెను. ఆయనయే రాష్ట్రపతియై, 1979 ఆగస్టు 22 నాఁడు చరణ్‌సింగు సలహాపై లోక్‌సభను రద్దుపఱచెను. ఆ మంత్రివర్గము సభావిశ్వాసమును ఒక్కనాఁడైనఁ బొందలేదు. అట్టి సలహా బంధించునా? సభ యుండఁగానే జగ్జీవన్‌రామునకుఁ దన బలము నిరూపించుకొను నవకాశ మీయవలసియుండెనని నా తలంపు. మంత్రివర్గ మున్నంతకాలము దాని సలహాయే ప్రమాణమను పక్షమును బలహీనము గాదు.