ప్రచార బండి నుంచి ప్రీ రిలీజ్ వేదిక దాకా

తెలుగునాట సినిమా ప్రచారం చేసి బతికినవాళ్లలో ఆ పని కోసమే ఇల్లు వదిలి బయల్దేరినవాళ్లు తక్కువ. వేరే పనిలో ఉండగా ఎదురుపడిన అవకాశమే చాలామందికి వృత్తి అయింది. ఈ తీరు మొదటి రోజుల నుంచీ ఉంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకునేవారు. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలులో శబ్దంతో కూడిన చిన్న చిత్రాలు చూపారు. తర్వాత డేరా వేసుకుంటూ ఊళ్లు తిరిగారు. కొత్త ఊళ్లో దిగిన ప్రదర్శకుడికి బొమ్మ ఆడించడం రెండో పని. జనాన్ని డేరా దాకా రప్పించడం మొదటి పని.

రప్పించే విద్య ఊళ్లో అప్పటికే ఉంది. శిస్తు కట్టమన్నా, జాతర ఫలానా రోజన్నా డప్పు కొట్టి చాటింపు వేసే బాధ్యత దళిత కుటుంబాలది. గ్రామ కట్టుబాటు వాళ్ల నెత్తిన పెట్టిన చాకిరీ అది. సినిమా ప్రచారం గురించి రాసేవాళ్లు సాధారణంగా పోస్టరుతో మొదలుపెడతారు. న్యాయంగా మొదలుపెట్టాల్సింది డప్పుతోనే. నాలుగు వీధుల కూడలిలో ఆగడం, ముందు దరువుతో చెవులు తిప్పడం, ఆ తర్వాతే మాట చెప్పడం అనే వరుసను సినిమావాళ్లు చాటింపు నుంచే తీసుకున్నారు.

టాకీలు వచ్చాక ఈ పని జట్కా ఎక్కింది. బండికి రెండు పక్కలా వెదురు తడికెలు కట్టి వాటిమీద వాల్‌పోస్టర్లు అంటించేవారు. ముందు బ్యాండుమేళం నడిచేది. లోపల కూర్చున్నవాడు రంగు కాగితాల కరపత్రాలు గుప్పిళ్లతో విసిరితే పిల్లలు బండి వెంట పరుగెత్తేవారు. తర్వాత జట్కా స్థానంలో రిక్షా, నోటి కేక స్థానంలో బ్యాటరీ మైకు వచ్చాయి. ఆట పేరు, తారల పేర్లు, హాలు పేరు, ఎన్ని ఆటలో ఒకే ఊపిరిలో చెప్పగల గొంతుకు ఊళ్లో గుర్తింపు ఉండేది. పగలు మైకు పట్టినవాడే సాయంత్రం గేటు దగ్గర టిక్కెట్లు చింపడం చిన్న ఊళ్లలో మామూలు. హాల్లో అమ్మే పాటల పుస్తకంలో కథను సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసేవారు. ఘంటసాల పాడిన 'నమో వెంకటేశా' హాలు మీది హారన్‌లోంచి వినిపిస్తే, ఆట మొదలవబోతోందని చుట్టుపక్కల పల్లెలకు తెలిసేది. గడియారం లేని ఇళ్లకు ఆ పాటే సమాచారం.

పంపిణీ వ్యాపారం విజయవాడ గాంధీనగర్‌లో స్థిరపడ్డాక మరో రకం మనుషులు తయారయ్యారు. ఫిలిం పెట్టెతో పాటు ఊరికి వెళ్లి, టిక్కెట్ల లెక్క చూసి, వసూళ్ల నివేదిక పంపడం రిప్రజెంటేటివ్ ఉద్యోగం. పోస్టర్లు పడ్డాయా, బండి తిరిగిందా అన్నది కూడా అతనే చూసుకోవాల్సి వచ్చేది. లెక్కల గుమాస్తాగా చేరినవాడు ఏ ఊరికి ఏ పోస్టరు పనిచేస్తుందో చెప్పగలిగేవాడు. అర్ధరాత్రి మైదాపిండి ఉడికించిన లై బకెట్లతో గోడల వెంట తిరిగినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

పోస్టరు గీసినవాళ్లలో కొందరికి పేరు దక్కింది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్, బాపు దర్శకత్వంలో 1967లో వచ్చిన 'సాక్షి'తో పబ్లిసిటీ డిజైనర్ అయ్యారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఆయన గీసిన బొమ్మలే తెలుగు గోడల మీద నిలిచాయి. ఊళ్లలో కటౌట్లు, బ్యానర్లు రాసినవాళ్లు సైన్‌బోర్డు పనిలోంచి వచ్చినవాళ్లు. ఫ్లెక్సీ ముద్రణ రాగానే వాళ్ల కుంచెలకు పని పోయింది.

వేదిక మీది వేడుక చాలాకాలం పాటు ప్రచారం కాదు, విజయోత్సవం. నూరు రోజులు ఆడాక శతదినోత్సవం జరిపి, హాలు యజమానులకూ సాంకేతిక నిపుణులకూ షీల్డులిచ్చేవారు. క్యాసెట్ల వ్యాపారం పెరిగాక ఆ వేడుక విడుదలకు ముందుకు జరిగింది. పాటల విడుదల ఆడియో ఫంక్షన్ అయింది. 1995లో ఈటీవీ, జెమినీ టీవీ మొదలవడంతో దాన్ని ఇంట్లో కూర్చుని చూసే ప్రేక్షకులు దొరికారు. అప్పటికి పరిశ్రమ హైదరాబాద్‌కు మారిపోయింది. సభ నడిపేందుకు వ్యాఖ్యాత, పత్రికలను పిలిచేందుకు పీఆర్‌ఓ తప్పనిసరి అయ్యారు. వీళ్లూ పక్కదారిన వచ్చినవాళ్లే. పీఆర్‌ఓగా వందల చిత్రాలకు పనిచేసిన బి.ఎ.రాజు సినిమా పాత్రికేయుడు, 'సూపర్‌హిట్' పత్రిక నడిపినవారు. వేదికల మీద అందరికీ తెలిసిన సుమ కనకాల మాతృభాష మలయాళం. టీవీ సీరియళ్లలో నటిగా మొదలై, తెలుగు నేర్చుకుని వ్యాఖ్యాత అయ్యారు.

పాటలు ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటిగా రావడంతో ఆడియో ఫంక్షన్‌కు అర్థం పోయింది. 2015 జూన్‌లో తిరుపతిలో జరిగిన 'బాహుబలి' పాటల వేడుక ఆ వరుసలో చివరి పెద్ద సభల్లో ఒకటి. తర్వాతి స్థానం ప్రీ రిలీజ్ ఈవెంట్‌ది. ఎల్‌ఈడీ తెరలు, బారికేడ్లు, పాసులు, బౌన్సర్లు, డ్రోన్ కెమెరాలు కలిసిన పని అది. గుంపును అదుపు చేయడమే ఇందులో అన్నిటికన్నా బరువైన బాధ్యత. 2013లో హైదరాబాద్‌లోని ఒక ఆడియో వేడుకలో తొక్కిసలాట జరిగి ఒక యువ అభిమాని ప్రాణం పోయింది. 2024 డిసెంబరులో 'గేమ్ ఛేంజర్' ప్రీ రిలీజ్ వేడుక అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం గార్లండ్‌లో జరిగింది. జట్కా తిరిగిన వీధులకు ఇప్పుడు ఆ ప్రచారం ఫోన్లలోనే చేరుతోంది.