అలంపూరు సీమలో క్రైస్తవ కీర్తన

అలంపూరు అనగానే మనకు స్ఫురించేవి జోగులాంబ ఆలయము, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాలు, చెంతనే ప్రవహించే తుంగభద్ర. కాని ఆదివారంనాడు ఈ సీమ పల్లెలలో మరొక గానం కూడా వినవస్తుంది. హార్మోనియంతో, తాళాలతో పాడే క్రైస్తవ కీర్తన అది. దాని చరిత్ర శాసనాలలో దొరకదు. పాడేవారి గొంతులలోనే వెదకవలె.

1956కు పూర్వం అలంపూరు, గద్వాల తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో రాయచూరు జిల్లాకు చెందినవి. ఆ ఏడు అవి మహబూబ్‌నగరు జిల్లాలో చేరినవి. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నవి. అమెరికానుండి మెన్నొనైట్ బ్రెదరన్ మిషనువారు 1899లో హైదరాబాదు చేరి, క్రమంగా నాగర్‌కర్నూలు, వనపర్తులలో కేంద్రాలు నెలకొల్పినారు. గద్వాల కేంద్రాన్ని 1937లో అమెరికన్ బాప్టిస్టు మిషనునుండి స్వీకరించినారు.

బోధకులు విదేశీయులు. అయినా ప్రజలు పాడుకొన్న పాటలో అధికభాగం మన దేశపుదే. కారణం, ఆ మిషనువారు రాకముందే తెలుగు కవులు ఆ పాటను సిద్ధం చేసి ఉంచినారు. 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌధరి, 1890లో కీర్తిశేషులయ్యే నాటికి ఎన్నో కీర్తనలు రచించినారు. విశాఖపట్టణ ప్రాంతపు పులిపాక జగన్నాథము ఆ బాటలోనే నడిచినారు. ఇట్టివారి రచనలు చేరిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథంలో పాటకు పైన రాగము, తాళము పేర్కొనడం ఆచారం. కాని సామాన్య ప్రతులలో స్వరలిపి ఉండదు. అందుచేత మాటను పుస్తకం కాపాడింది. వరుసను చెవి కాపాడింది. అక్షరం రానివారు సైతం చరణాలన్నీ కంఠస్థం చేసి, తమ భజనలకు అలవాటైన నడకలో పాడుకొన్నారు. ఒకే కీర్తన ఊరికొక వరుస సంతరించుకొన్నది.

తరువాత రేడియో వచ్చింది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ఆరంభమైనవి. హైదరాబాదు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో లీనమైనది. క్రైస్తవ సంస్థలు లఘుతరంగాలను ఆశ్రయించినవి. సేషెల్స్ దీవులనుండి ఫీబా సంస్థ 1970 మొదలు 2003 వరకు చేసిన ప్రసారాలలో తెలుగు కూడా ఒక భాష. పల్లెలో ఒంటరిగా కూర్చున్న రోగికి సైతం కీర్తన వినిపించిన ఘనత రేడియోది. కాని యంత్రంలో వినవచ్చినదే సరియైన వరుస అన్న భ్రమకూడా దానివెంటనే వచ్చింది.

ఆ భ్రమలో నాకూ పాలున్నది. కొన్నేళ్ల క్రితం ఈ ప్రాంతపు బృందమొకటి పాట ధ్వనిముద్రణకు వచ్చింది. పుస్తకంలో ఉన్న రాగం వేరు, మీరు పాడేది వేరు అంటూ నేను మధ్యలో ఆపినాను. వారు మారుమాట లేక, రేడియోలో విన్న వరుసలోనే పాడినారు. వెళ్లబోతూ ఒక వృద్ధురాలు, “అది మా అవ్వ నేర్పిన వరుస, సారూ” అన్నది. ఆ వరుసను నేను ముద్రించి ఉంచలేదు. నాకు తప్పుగా తోచినది మూడు తరాల గానమని ఆనాడు గ్రహించలేకపోయినాను.

శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాళ్లు తరలించి, అలంపూరులో మరల నిలబెట్టినారు. రాయికి ఆ రక్షణ సాధ్యమైనది. వరుసకు విప్పి పేర్చదగిన రాళ్లు లేవు. పాడేవారు కన్నుమూస్తే అదీ వారితోనే పోతుంది. ధ్వనిముద్రణ యంత్రం నేడు ప్రతివాని చేతిలో ఉన్నది. శ్రోతలు తమ ఊరి పెద్దలు పాడే కీర్తనను, దిద్దకుండా, వారు పాడినట్లే ముద్రించి, ఊరిపేరు, తేదీ వ్రాసి ఉంచవలె. రాగనిర్ణయం తరువాతనైనా చేసుకొనవచ్చు.