సగం ఒప్పుకోలు: ట్రాన్స్‌జెండర్ యువత మానసిక ఆరోగ్యం, కన్నవారి అండ

ట్రాన్స్‌జెండర్ యువతపై మన సర్వే పత్రాల్లో కుటుంబం దగ్గరికొచ్చేసరికి తరచూ కనిపించేది ఒకటే ప్రశ్న: ఇంట్లో ఉంటున్నారా, వెళ్లగొట్టారా? ఈ ధోరణికి మూలం 1990లో సెరీనా నందా హిజ్రాలపై వెలువరించిన 'నైదర్ మ్యాన్ నార్ ఉమన్' అని నా అభియోగం. గురువు, చేలాల (శిష్యుల) ఇంటిని ఆమె మరో కుటుంబంగా ఎంత బలంగా చిత్రించారంటే, తర్వాత వచ్చినవారికి కన్నవారిల్లు ముగిసిపోయిన కథ అయింది. హైదరాబాద్ హిజ్రాల మధ్య పనిచేసిన గాయత్రి రెడ్డి 2005 నాటి గ్రంథంలో పుట్టింటి బంధాలు అంత తేలిగ్గా తెగవని చూపించారు. అయినా మన సర్వే పత్రాలు మారలేదు.

క్షేత్రంలో నాకు ఎక్కువగా ఎదురైంది గెంటివేత కాదు, సగం ఒప్పుకోలు. కృష్ణా జిల్లాలో ఒక తల్లి బిడ్డకు ఫోన్ చేసి, "పొద్దుగూకాక రా నాన్నా, ప్యాంటూ చొక్కా వేసుకుని రా" అంటుంది. ఆ పిల్ల బస్టాండులోనే చీర విప్పి సంచిలో పెట్టుకుని, జుట్టు టోపీలోకి దోపుకుని ఇల్లు చేరుతుంది. అప్పటికే తల్లి చేపల పులుసు చేసి ఉంటుంది. ఆ పిల్ల పంపిన డబ్బుతోనే చెల్లెలి పెళ్లి జరిగింది. పెళ్లికి మాత్రం రావద్దన్నారు. సర్వేలో ఈమె 'కుటుంబంతో సంబంధాలు ఉన్నాయి' అనే గడిలో చేరింది. మాత్ర వేసుకోనిదే ఆమెకు నిద్ర పట్టదన్న సంగతి ఏ గడిలోనూ పట్టలేదు.

కెనడాలోని ఒంటారియోలో ట్రాన్స్ పల్స్ బృందం 16 నుంచి 24 ఏళ్లవారిపై 2012లో ఇచ్చిన నివేదిక ఈ సగాన్ని సరిగ్గా పట్టుకుంది. తల్లిదండ్రులు గట్టిగా వెన్నుదన్నుగా ఉన్నవారిలో ఏడాది కాలంలో ఆత్మహత్యాయత్నం చేసినవారు 4 శాతం. మిగతావారిలో 57 శాతం. అంతంతమాత్రంగా అండగా ఉన్నవారిని కూడా ఆ రెండో గుంపులోనే లెక్కించారు. అమెరికాలో స్టీఫెన్ రసెల్ బృందం 2018 నాటి అధ్యయనంలో 129 మంది యువతను చూసింది. ఇల్లు, బడి, పనిచోటు, స్నేహితులు: వీటిలో తాము ఎంచుకున్న పేరుతో పిలిపించుకోగలిగే చోటు ఒకటి పెరిగినకొద్దీ ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. ఇవి చిన్న నమూనాలే, కారణమేదో ఫలితమేదో ఇవి తేల్చలేవన్న అభ్యంతరం ఉంది.

అయినా నా నిర్ధారణ ఇదే: తెలుగు జిల్లాల్లో ఈ పిల్లల దిగులుకు తొలి కారణం వీధిలోని వెక్కిరింత కాదు, గడప దగ్గర పెట్టే షరతు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం 12వ సెక్షన్ కుటుంబంతో కలిసి నివసించే హక్కు ఇచ్చింది. పగటిపూట, తన బట్టల్లో, తన పేరుతో ఆ ఇంట్లోకి నడిచివచ్చే హక్కును కోర్టులు అందులో భాగంగానే చదవాలి.

2011 జనగణనలో 'ఇతరులు'గా నమోదైన 4,87,803 మందిలో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. నమోదు పొరపాట్లు తీసేసినా, కొన్ని వేల ఇళ్లలో పెద్దలే నోరువిప్పి తమ బిడ్డను 'ఇతరులు'గా రాయమని చెప్పి ఉంటారు. వాళ్లు చెప్పగలిగిందేమిటి, ఆపైన ఆ పిల్లలతో ఎలా మెలిగారు అన్నదే రాబోయే సర్వేల మొదటి ప్రశ్న కావాలి.