పచ్చికకి అన్నప్రాశన

ఇంటిముందు కాస్త జాగా ఉంటే పచ్చిక పెంచుదామని ఎవరికుండదు చెప్పండి! గరిక నాటి వారం తిరక్కుండానే "యూరియా చల్లండి, తొందరగా కమ్ముకుంటుంది" అని పక్కింటివాళ్ళ సలహా. చల్లేముందు ఒక్కమాట. ఏ ఎరువు ముందో, ఏది తరవాతో ఎరువుల చరిత్రే మనకి చెబుతుంది.

ఇంగ్లండులో ఒకప్పుడు పచ్చికబయలు జమీందార్ల సరదా. గొర్రెలు మేసో, పనివాళ్ళు పొడుగాటి కొడవళ్ళతో కోసో దాన్ని చదునుగా ఉంచేవారు. మేసిన గొర్రెలు ఎరువు కూడా అక్కడే వేసిపోయేవి. పైసా ఖర్చు లేదు! 1830లో ఎడ్విన్ బడ్డింగ్, ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, గడ్డి కత్తిరించే యంత్రం తయారుచేశాడు. దాంతో క్రమంగా మామూలు ఇళ్ళకీ పచ్చిక వచ్చింది. గొర్రెలు పోయాయి, వాటితోపాటు ఎరువూ పోయింది.

మరి గడ్డికి తిండి? రోథమ్‌స్టెడ్ అనేచోట పొలాలున్న జాన్ బెనెట్ లాస్, ఎముకల వంటి భాస్వరపు సరుకుని గంధకామ్లంతో కలిపి చేసే సూపర్ ఫాస్ఫేటుకి 1842లో పేటెంటు తీసుకున్నాడు. 1856లో ఆయనా, గిల్బర్టూ కలిసి ఒక పాత గడ్డిబీడుని మళ్ళుగా విడదీసి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క ఎరువు వేసి చూశారు. రెండు మూడేళ్ళకే మళ్ళ రూపురేఖలు మారిపోయాయి. ఎరువు వెయ్యని మడిలో ముప్పైకి పైగా రకాల మొక్కలు నేటికీ కలిసి బతుకుతున్నాయి. అమ్మోనియా ఎరువు ఏటేటా దండిగా పడ్డ మళ్ళలోనో, సున్నం వెయ్యనిచోట నేల పుల్లబడిపోయి, ఒకటి రెండు రకాల గడ్డే మిగిలింది. తిండి ఎక్కువైనా చేటే!

ఇక నత్రజని చవకగా దొరికింది చివర్న. 1909లో హేబర్ ప్రయోగశాలలో గాలినించి అమ్మోనియా తీశాడు. 1913లో జర్మనీలో ఫ్యాక్టరీ మొదలైంది. మన యూరియా మూటకి మూలపురుషుడు ఆయనే.

చిత్రమేమిటంటే, చరిత్రలో వచ్చిన వరసే మన మడికీ వరస. ముందు గొర్రెలనాటి పద్ధతి: నాటకముందే బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలపాలి. దానితోపాటే లాస్‌గారి సూపర్ ఫాస్ఫేటు. భాస్వరం పైన చల్లితే అడుగుకి దిగదు. వేరు దగ్గరే ఉండాలి. యూరియా ఆఖర్న. లేత వేరుకి అది మంటపెట్టినట్టే. ఆరోనెల రాకుండా పసిబిడ్డకి ఆవకాయన్నం పెడతామా?

నాటిన నాలుగైదు వారాలకి, ఒకటి రెండుసార్లు కత్తిరించాక, గుప్పెడు గడ్డి పట్టి మెల్లగా లాగండి. ఊడిరాకపోతే వేరు పట్టిందన్నమాట. అప్పుడు చదరపు మీటరుకి 10 గ్రాముల యూరియా చాలు. అంటే గీటుపెట్టి కొలిచిన మూడు చిన్న చెంచాలు. పొడి ఇసకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. ఆకు మీద తడి ఉండకూడదు. చల్లిన వెంటనే మాత్రం దండిగా నీళ్ళు పెట్టాలి. మండుటెండల్లో వద్దు, తొలకరి పడ్డాక మేలు.

వినాయకుడి పూజకి కోసుకునే గరికే మన పచ్చిక. గట్టి ప్రాణం దానిది. కాస్త ఓపిక పడితే అదే అల్లుకుంటుంది.