ఊరుంది, పేరు లేదు

సంగారెడ్డి జిల్లా మనూరు వైపు మంజీర నదిలో పారే నీళ్లలో కొన్ని తేర్ నుంచి వచ్చినవి. మహారాష్ట్రలోని ధారాశివ్ జిల్లాలో తేర్ణా ఒడ్డున ఉన్న ఊరది. తేర్ణా పోయి మంజీరలో కలుస్తుంది. మంజీర బీదర్ దాటి నారాయణఖేడ్ సీమలోకి వస్తుంది. అక్కడి నుంచి సంగారెడ్డి వైపు వచ్చినట్టే వచ్చి, ఉత్తరానికి మళ్లి, కందకుర్తి దగ్గర గోదావరిలో పడుతుంది. ఈ నీటి దారి వెంట రెండు పాత చిక్కుముళ్లున్నాయి. ఒకటి విడిపోయింది, ఒకటి మిగిలింది.

విడిపోయింది తేర్‌దే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి మన తీరాలకు బేరానికి వచ్చిన ఓ గ్రీకు వర్తకుడు ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ రాశాడు. రేవుల పేర్లన్నీ రాసిపెట్టిన ఆయన తన పేరు మాత్రం చెప్పుకోలేదు. భరూచ్ నుంచి దక్షిణంగా 20 రోజులు పోతే పైఠాన్, అక్కడి నుంచి తూర్పుకు 10 రోజులు పోతే తగర అనే పెద్ద పట్నం వస్తాయని అందులో ఉంది. తగర నుంచి ముతక గుడ్డలు, సన్న బట్టలు, సముద్రతీరం నుంచి అక్కడికి చేరిన సరుకులు దారీతెన్నూ లేని నేలల మీదుగా బండ్లలో భరూచ్‌కు దిగేవట. తగర ఎక్కడన్నది చాలాకాలం పండితుల జగడం. దేవగిరి అన్నవారున్నారు, జున్నార్ అన్నవారున్నారు, కొల్హాపూర్ అన్నవారూ ఉన్నారు. 1901లో శాసన పండితుడు జె.ఎఫ్. ఫ్లీట్ అది తేర్ అని వాదించి ఒప్పించాక గొడవ సద్దుమణిగింది.

సముద్రతీరం నుంచి అన్నాడు కదా, ఏ తీరం? తగరకు తూర్పున ఉన్నది మన నేల. ఫ్లీట్ కూడా మచిలీపట్నం వైపు నుంచి హైదరాబాద్ ప్రాంతం మీదుగా తేర్‌కు ఒక పాత బాటను ఊహించాడు. ఆ బాట ఎటు తిరిగినా మంజీర పరిసరాలను తప్పించుకోవడం కష్టం. రేగడి నేల, అందులో పత్తి, బండి ఎద్దులకు నీళ్లు, మేత: బిడారుకు ఇంకేం కావాలి?

మిగిలిన చిక్కుముడి ఆ బాట వెంటే, సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ఉంది. ఊరి పక్కన ఓ పెద్ద మట్టిదిబ్బ. జనం దాన్ని కోటగడ్డ అంటారు. 1940లో నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. దిబ్బ కింద పట్నమే ఉంది. ఇటుక కట్టడాలు, బౌద్ధుల చైత్యాలు, పూసలు, తెల్లమట్టితో చేసిన బొమ్మలు బయటపడ్డాయి. ఆ బొమ్మల కొప్పులు, నగలు చూస్తే ఇప్పటి కంసాలి కూడా ఓసారి ఆగి చూస్తాడు. ఇలాంటి తెల్లమట్టి బొమ్మలే తేర్‌లోనూ దొరికాయి. ఇక నాణేలైతే వేలల్లో దొరికాయి. సీసం, రాగి, వెండి, పోటిన్ అనే మిశ్రమ లోహం. శాతవాహన రాజులవి. వాటి మధ్య రోమ్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి. 2009 తర్వాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ మళ్లీ తవ్వింది. ఇంత దొరికినా, ఆ పట్నంలో కాపురమున్నవాళ్లు దాన్ని ఏమని పిలుచుకున్నారో తెలియలేదు. కొండాపూర్ అన్నది తర్వాతి కాలపు పేరు.

నాణేలు పోసిన మట్టి మూసలూ దొరికాయి కాబట్టి ఇక్కడ టంకశాల ఉండేది. డబ్బు తయారైన చోట పేరెలా పోయిందా అనిపిస్తుంది. శాతవాహనుల నాణెం మీద ఒకపక్క ఏనుగో సింహమో రాజు తలో ఉండి, చుట్టూ ప్రాకృతంలో రాజు పేరు ఉంటుంది. రెండోపక్క ఉజ్జయిని గుర్తు. టంకశాల ఏ ఊళ్లో ఉందో రాసే అలవాటు వాళ్లకు లేదు. ఊరి పేర్లు ఎక్కువగా దాన శాసనాల వల్లే తెలుస్తాయి. నాసిక్ గుహల్లోనూ అమరావతి స్తూపం మీదా దాతలు తామెవరో, ఏ ఊరివారో రాతిమీద చెక్కించుకున్నారు. కొండాపూర్ జనం కట్టింది ఎక్కువగా ఇటుకతో, మట్టితో. ఇటుక మీద ఎవరు రాయించుకుంటారు?

నాణేల అచ్చుల సంగతి ఇంకో తమాషా. ఇక్కడ దొరికిన మట్టి మూసల్లో విద్ధాంక నాణేల మూసలున్నాయి. విద్ధాంకాలంటే వెండిరేకును ముక్కలు చేసి ఒక్కో గుర్తునూ విడివిడిగా కొట్టి తయారుచేసేవి. వాటిని మూసలో పోయడమంటే పాత నాణేనికి నకలు తీయడమే. పాత డబ్బుకున్న పరపతి చూసి రాజే చేయించాడా, లేక దొంగనాణేల గుంపొకటి కోటలో దర్జాగా బతికిందా? నేనైతే మొదటిదే నమ్ముతాను. అంత పెద్ద టంకశాల ఉన్న ఊళ్లో, అధికారుల ముక్కు కిందే దొంగ కొలిమి పెట్టడం తేలికకాదు. కానీ రెండోది వినడానికి బాగుంటుందని ఒప్పుకోవాలి.

రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రుల బలం చెబుతూ ప్రాకారాలు, బురుజులు ఉన్న నగరాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు 2000, ఏనుగులు 1000 అని లెక్క రాశాడు. ఆ ముప్పైలో కొండాపూర్ ఒకటని రాసేయడం మనకు అలవాటైంది. ప్లినీ లెక్క చెప్పాడు గానీ నగరాల జాబితా ఇవ్వలేదు. పైగా ఆ సమాచారం ఆయన కాలానిదా, అంతకు మూడు వందల ఏళ్ల ముందటి గ్రీకు రాయబారి మెగస్తనీస్‌దా అన్నదే ఇంకా తేలలేదు.

ఇరాక్‌లో దీనికి తలకిందులు కథ. ప్రాచీన చక్రవర్తి సార్గాన్ రాజధాని అక్కడ్ పేరు మట్టిపలకల నిండా ఉంది, ఊరు మాత్రం ఇంతవరకు దొరకలేదు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. అస్సక జనపదపు రాజధాని పోతన పేరు బౌద్ధ గ్రంథాల్లో ఉంది. మంజీరకు దగ్గర్లోని బోధనే అదని చాలామంది అంటారు. ఆ పేరును తెచ్చి కొండాపూర్‌కు తగిలిస్తే ఒక్క దెబ్బకు రెండు ముళ్లూ విడిపోతాయనిపిస్తుంది. ఆ ఆశకు లొంగకూడదు. అస్సక రాజ్యం బుద్ధుడి నాటిది. యజ్దానీ అయితే కొండాపూర్ పట్నాన్ని క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 200 దాకా ఉన్నదిగా లెక్కగట్టాడు. కాలాల మధ్య అంత ఎడం ఉన్నప్పుడు ముడిపెట్టడానికి గట్టి ఆధారం కావాలి.

ఇలాంటివి తేలిన చోట ఎలా తేలాయో చూస్తే దారి కొంత కనిపిస్తుంది. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాసిన కంటకోస్సిల రేవు కృష్ణా జిల్లా ఘంటసాల అని గట్టిపడింది శాసనాల వల్లే. ఘంటసాలలో దొరికిన స్తంభాల మీద కంటకసోల అనే పేరుంది, నాగార్జునకొండ శాసనంలోనూ అదే రేవు ప్రస్తావన ఉంది. ఒక ఊరి ఆచూకీ మరో ఊరి రాతిమీద దొరికిందన్నమాట. కొండాపూర్ వర్తకుడు ఎవరైనా పుణ్యం కోసం అమరావతికో, పడమటి గుహలకో పోయి దానమిచ్చి, తన ఊరు చెక్కించి ఉండొచ్చు. ఆ శాసనాల్లో ఎక్కడివో ఇప్పటికీ గుర్తుపట్టని ఊరి పేర్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి కోటగడ్డదే అయితే, దాన్ని మనం ఎప్పుడో చదివేశాం. ఆ పేరునూ ఈ దిబ్బనూ కలిపే రుజువు ఇంకా తవ్వని మట్టిలో దొరకాలి. ఊరి పేరున్న ఒక్క మట్టి ముద్ర దొరికినా చాలు.