ఆచార్య ఆత్రేయ: రంగస్థలం నుంచి వెండితెరకు

ఆచార్య ఆత్రేయ (7 మే 1921 – 13 సెప్టెంబరు 1989) తెలుగు నాటక రచయిత, సినీ సంభాషణల రచయిత, గేయకర్త. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. గోత్రనామాన్నే కలం పేరు చేసుకున్నారు. జన్మస్థలం అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట ప్రాంతంలోని మంగళంపాడు. ‘మనసు కవి’గా సినీ ప్రేక్షకులకు చిరపరిచితులైన ఈయన రచనా జీవితాన్ని విమర్శకులు సాధారణంగా రెండు ముక్కలు చేసి చూస్తారు: 1950ల నడిమి వరకు నాటకకర్త, ఆ తరువాత పాటల రచయిత. ఈ విభజన కాలక్రమానికి సరిపోతుంది గాని రచనా స్వభావానికి సరిపోదు. సినిమాలో ఆత్రేయ రాసినవాటిలో మేలైనవన్నీ, పాటలతో సహా, రంగస్థల నాటకాలు రాసిన చెయ్యి రాసినవే.

ఆత్రేయ కలం పట్టేనాటికి తెలుగు రంగస్థలం మీద పద్యానిదే రాజ్యం. హార్మోనియం శ్రుతి, రాగాలాపన, ‘ఒన్స్ మోర్’ కేకలు, పేరున్న నటులను ఊరూరా కుదుర్చుకొచ్చే కాంట్రాక్టు ప్రదర్శనలు నాటకమంటే జనానికి తెలిసిన రూపం. 1892లో గురజాడ ‘కన్యాశుల్కం’ ప్రదర్శితమైనా, ఆ వచనాన్ని అందిపుచ్చుకున్నవారు చాలాకాలం కొద్దిమందే. మార్పుకు రెండు వేదికలు దోహదం చేశాయి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీల ద్వారా ఔత్సాహిక సమాజాలకు ఊపిరి పోసింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ‘ముందడుగు’, ‘మా భూమి’ వంటి నాటకాలతో రైతునూ కూలీనీ రంగం మీదికి తెచ్చింది. రాజులు, రైతులు ఇద్దరికీ అలా చోటు దొరికింది. నెల జీతంతో నెల గడవని పట్టణపు గుమస్తాకు మాత్రం ఇంకా దొరకలేదు. ఆత్రేయ తెచ్చింది అతన్ని.

ఆ గుమస్తా జీవితం ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసినది కాదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లివచ్చాక సెటిల్‌మెంట్ ఆఫీసులో గుమస్తాగానూ, నెల్లూరు ‘జమీన్ రైతు’ పత్రికలో సహాయ సంపాదకుడిగానూ పనిచేశారు. ఆ అనుభవానికి ఫలితం ‘ఎన్.జి.ఓ.’ నాటకం. గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగి కథ ఇది: జబ్బుపడ్డ తండ్రి, చదువుకుని పని దొరకని తమ్ముడు, తీరని అప్పులు, వీటన్నిటి మధ్య కాపాడుకోవలసిన పరువు. కథలో విలన్ అంటూ ఎవరూ లేరు. జీతపు రాళ్లే విలన్. నాటకమంతా ఒక ఇంటి లోపలే నడుస్తుంది. ఆఫీసు, అప్పులవాళ్లు, ఊరు అన్నీ గుమ్మం అవతల ఉండి, ఆ గుమ్మం దాటి వచ్చే మనుషుల మాటల్లోనే లోపలికి వస్తాయి. సంభాషణలు పొడుగు తక్కువ, వ్యాకరణం తక్కువ, ఇళ్లలో వినపడే మాట ఎక్కువ. సెట్టింగులు కొనలేని ఉద్యోగుల సంఘాలు, కాలేజీ విద్యార్థులు దాన్ని ఊరూరా ఆడగలిగారంటే కారణం ఈ నిర్మాణమే. 1953లో చిత్తూరు నాగయ్య ప్రధాన పాత్రలో ‘గుమాస్తా’ పేరుతో అది సినిమాగానూ వచ్చింది.

దేశ విభజన నాటి మత కలహాల మీద ‘ఈనాడు’, యుద్ధభీతి మీద ‘విశ్వశాంతి’, పేరులోనే ప్రతీకను పెట్టుకున్న ‘కప్పలు’, ఇంకా ‘భయం’, ‘పరివర్తన’ వగైరాలు ఈ కాలపు రచనలు. చరిత్ర వస్తువుగా రాసిన ‘సామ్రాట్ అశోక’, ‘గౌతమ బుద్ధ’ కూడా ఉన్నాయి గాని, ఆత్రేయ ప్రత్యేకత వాటిలో వెతకనక్కరలేదు. సినిమాల్లోకి ఆయన వచ్చింది 1951లో, కె.ఎస్.ప్రకాశరావు ‘దీక్ష’కు పాటలతో. 1955 నాటి ‘అర్ధాంగి’తో సంభాషణల రచయితగా స్థిరపడ్డారు. నాటకం నుంచి సినిమాకు వెళ్లినవారిలో ఆయన మొదటివారు కారు. బందరు ఇండియన్ డ్రమాటిక్ కంపెనీ నుంచి పింగళి నాగేంద్రరావు అప్పటికే వెళ్లి ‘పాతాళభైరవి’ రాసి ఉన్నారు. ‘నాటకం’ రాసిన డి.వి.నరసరాజు 1954లో ‘పెద్దమనుషులు’తో పేరు తెచ్చుకున్నారు. పింగళి మాటల్లో పౌరాణిక జానపద రంగస్థలపు ఆర్భాటం, నరసరాజు మాటల్లో వ్యంగ్య నాటిక చురుకుదనం సినిమాకు చేరాయి. ఆత్రేయ వెంట వచ్చింది మధ్యతరగతి ఇల్లు.

సినిమా ఆయన్ను మింగేసిందన్నది తరచూ వినిపించే అభియోగం. ఇందులో కొంత నిజముంది: 1950ల తరువాత ‘ఎన్.జి.ఓ.’తో తూగే నాటకం ఆయన నుంచి రాలేదు. అయితే దీన్ని ప్రలోభంగా మాత్రమే చూడటం న్యాయం కాదు. పరిషత్తు బహుమతి కీర్తినిచ్చేది, ఇంటి అద్దె కట్టేది కాదు. ఔత్సాహిక సమాజాలు ఒక్కో ప్రదర్శనకు రచయితకిచ్చేది నామమాత్రం. వృత్తి నాటక సమాజాలు వెనకబడుతున్న కాలంలో సాంఘిక వచన నాటకం రాసి బతకడానికి తెలుగునాట మార్గమే లేదు. గుమస్తా లేమిని నాటకం చేసిన మనిషి తాను లేమిలోనే ఉండిపోవాలని కోరడం విచిత్రమైన ఆదర్శం. రచన అందించడంలో ఆయన చేసే ఆలస్యం మీద సినీరంగంలో ఒక చమత్కారం స్థిరపడింది: రాయకుండా నిర్మాతలనూ, రాసి ప్రేక్షకులనూ ఏడిపిస్తారని. దాన్ని బద్ధకానికి నిదర్శనంగా చెబుతుంటారు. అడిగినంత వేగంగా సరుకు అందించే రచయిత కాదనడానికీ అది నిదర్శనమే.

రెండో ఆక్షేపణ ఇంకొంచెం బలమైనది: పాట నాటకం కాదు, ఎంత మంచి పాటైనా కథను ఆపి పాడేదే అని. ఆత్రేయ పాటలను సన్నివేశం నుంచి విడదీసి వింటే అలాగే అనిపించవచ్చు. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలోని ‘తోడికోడళ్లు’ (1957)లో కారులో తిరిగే అమ్మాయిని నిలదీసే పాట ఉంది. నీ సుఖం వెనక చెమట ఎవరిదన్న ప్రశ్న అందులో ఉండటం వల్ల చాలామంది దాన్ని శ్రీశ్రీ రచన అనుకుంటారు. రాసింది ఆత్రేయ, అడిగింది ‘ఎన్.జి.ఓ.’ అడిగిన ప్రశ్నే. ఎదురుగా ఒక పాత్రను నిలబెట్టి అడగడం నాటకకర్త పద్ధతి. అదే దర్శకుడి ‘మూగమనసులు’ (1964) ఇంకా స్పష్టమైన సాక్ష్యం. పడవ నడిపే గోపి జమీందారు బిడ్డ రాధకు తన పాట నేర్పే ఘట్టంలో, అతని యాస పలుకును ఆమె చదువుకున్న పలుకుతో అంటుంది, అతను దిద్దుతాడు. ఇద్దరి మధ్య ఉన్న అంతరమూ, దాన్ని దాటాలన్న ఆశా ఒక్క అక్షరం పలికే తీరులో తేలిపోతాయి. దీనికి సంభాషణ అక్కరలేదు, పాటే సంభాషణ అయింది. కె.బాలచందర్ ‘మరోచరిత్ర’ (1978)లో తెలుగు సరిగా రాని తమిళ యువకుడు లిఫ్టులో ఇరుక్కున్న ప్రియురాలి కోసం తెలుగు సినిమా పేర్లు గుచ్చి పాడతాడు. రెండు పాత్రలు, నాలుగు గోడలు, భాష ఒక అడ్డంకి: రంగస్థలానికి ఇంతకన్నా ఏం కావాలి? మద్రాసు నాటక సమాజాల నుంచి వచ్చిన బాలచందర్, సంభాషణలు రాసిన మరో నాటకకర్త గణేశ్ పాత్రో, పాటలు రాసిన ఆత్రేయ ముగ్గురూ ఒకే బడిలో చదివినవారు కావడం ఆ చిత్రానికి కలిసివచ్చింది.

తోసిపుచ్చలేని ఆక్షేపణ ఒకటుంది. సినిమాలో ఆత్రేయ కష్టాలను చూసినంత నిశితంగా వాటి కారణాలను చూడలేదు. ‘ఎన్.జి.ఓ.’లో దుఃఖానికి లెక్కాపత్రం ఉంటుంది. ఎంత జీతం, ఎంత అప్పు అన్నది ప్రేక్షకుడికి తెలుస్తుంది. అదే కె.ఎస్.ప్రకాశరావు ‘దీక్ష’కు ఇరవై ఏళ్ల తరువాత కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా తీసిన ‘ప్రేమనగర్’ (1971)లో దుఃఖం జమీందారు మేడలో ఉంటుంది, దానికి కారణం మనసు. మాటలు, పాటలు రెండూ ఆత్రేయవే. రెండూ జనం నోళ్లలో నానాయి. నైపుణ్యం ఎక్కడా తగ్గలేదు, వస్తువే మారింది. ఇందుకు సినిమా వ్యాపారాన్ని తప్పుపట్టి ఊరుకోవచ్చు గాని, తానే దర్శకత్వం వహించిన ఏకైక చిత్రం ‘వాగ్దానం’ (1961)కు కూడా ఆయన ఎంచుకున్నది శరత్ నవలనే, తన నాటకాన్ని కాదు. పైగా అందులో పాటలకు శ్రీశ్రీని, దాశరథిని పిలిచారు. చిత్రం విజయవంతం కాలేదు. ఆ తరువాత ఆయన దర్శకత్వం జోలికి పోలేదు.

1980ల్లోనూ రాస్తూనే ఉన్నారు. ‘అభినందన’ (1988) పాటలు చివరి దశలో ప్రముఖమైనవి. మరణానంతరం నటుడు కొంగర జగ్గయ్య పూనికతో ఆయన రచనలు ‘ఆత్రేయ సాహితి’ పేర సంపుటాలుగా వెలువడ్డాయి. పాటల సంపుటాలకున్న పాఠకుల్లో కొద్దిమందైనా నాటకాల సంపుటాలకు లేరు. తెలుగు సాంఘిక నాటక చరిత్రలో ‘ఎన్.జి.ఓ.’ స్థానం మాత్రం, దాని రచయిత తరువాత ఒక్క పాటైనా రాయకపోయినా, ఇప్పుడున్నదే.